రానన్న అత్తగారు

అత్తగారు "నేను రాను" అన్నప్పట్నించీ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

ఆ మాట అన్నది నిన్న పొద్దున. ఎల్లుండి ప్రయాణం. కోడలు ముందుగదిలో నేల మీద చతికిలబడి పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతోంది. అత్తగారు కుర్చీలో కూర్చుని, మనవరాలిని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని జడ వేస్తోంది. ఆవిడ ముఖం చూస్తే ఏమీ జరగనట్టే ఉంది.

విచిత్రమేమిటంటే, ఇంట్లో సామానంతా సర్దింది ఆవిడే. కోడలి బట్టలు, బుజ్జి గౌన్లు మడత నలగకుండా పెట్టెల్లో పేర్చింది. తన పెట్టె మాత్రం బీరువా మీంచి దించలేదు.

"అత్తయ్యా, మీ పెట్టె దించనా?" అంది కోడలు, వీలైనంత మామూలుగా.

"దించు. బుజ్జి బొమ్మలు దేంట్లోనూ పట్టడం లేదు. అందులో పడేద్దాం."

"మరి మీ బట్టలో?"

"నా బట్టలకేం? బీరువాలో సుఖంగానే ఉన్నాయి."

బుజ్జి కిలకిలా నవ్వింది. కోడలికి నవ్వు రాలేదు. చేతిలో ఉన్న పుస్తకం పెట్టెలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది.

"నిన్న సాయంత్రం మీ అబ్బాయి ఫోన్లో ఏమన్నారో తెలుసా? 'అమ్మనేమైనా అన్నావా?' అని అడిగారు. నేనేమన్నాను అత్తయ్యా మిమ్మల్ని?"

"ఏమీ అనలేదు."

"మరి ఆ మాట మీరే చెప్పొచ్చు కదా! అక్కడ నేను పిల్లనీ పెట్టెల్నీ తీసుకుని ఒక్కదాన్నే దిగితే చుట్టాలేమంటారు? అత్తగారి చేత చాకిరీ చేయించుకుని, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, పరాయి దేశంలో వదిలేసి వచ్చిందంటారు. అనరా?"

"అంటారు," అంది అత్తగారు రిబ్బను ముడివేస్తూ. "నేను వచ్చినా ఇంకేదో అంటారు. వాళ్ళకి పని కావాలిగా."

అత్తగారి నోట్లో వేలు పెట్టినా కొరకదని పెళ్ళి చూపుల నాడు ఎవరో చెప్పారు. చెప్పినవాళ్ళు ఇప్పుడు వచ్చి చూడాలి.

కోడలు అనకూడదనుకున్న మాట అప్పుడే నోరు జారింది.

"వెళ్ళిన వెంటనే నేను ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరాలి. పొద్దున వెళ్తే సాయంత్రానికి గానీ రాను. బుజ్జిని ఎవరు చూస్తారు?"

రిబ్బను ముడి మీద అత్తగారి వేళ్ళు ఆగిపోయాయి.

"అదా సంగతి," అంది ఆవిడ నెమ్మదిగా.

లేచి, బుజ్జికి చెప్పులు తొడిగి, చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. తలుపు కూడా మెల్లగానే వేసింది. గట్టిగా వేసి ఉంటే కోడలికి కొంచెం తేలిగ్గా ఉండేది.

*

ప్రమాదంలోనో జబ్బుతోనో కాలు పోయినవాళ్ళకి కొత్త కాలు తయారుచేసి అమర్చే విద్య నేర్చుకోవడానికి రెండేళ్ళ కిందట వచ్చింది కోడలు. అప్పటికి బుజ్జికి నడకైనా సరిగ్గా కుదరలేదు. భర్తకి ఉద్యోగం వదిలి వచ్చే వీల్లేదు. "చంటిపిల్లని పెట్టుకుని ఇప్పుడు చదువేమిటి?" అని చుట్టాలంతా చెవినిల్లు కట్టుకుని పోరారు. మావగారు పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఊహించని మాట అత్తగారి నోట వచ్చింది.

"పిల్లని నేను చూసుకుంటా. నువ్వు చదువుకో. పద."

వీధి మలుపు దాటి ఒంటరిగా వెళ్ళి ఎరగని మనిషి, ఒక్క పెట్టెతో విమానం ఎక్కేసింది.

మొదటి చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని కళ్ళొత్తుకునేది. తర్వాత ఒకరోజు బుజ్జి కోటు జిప్పు తెగితే, మెట్ల కింద ఉన్న బట్టలు బాగుచేసే కొట్టుకి తీసుకెళ్ళింది. ఆ కొట్టావిడ మెడలో ఎప్పుడూ గుండీల దండ వేలాడుతూ ఉంటుంది, ఏ చొక్కాకి ఏ గుండీ పనికొస్తుందో పక్కన పెట్టి చూసుకోవడానికి. ఆవిడ జిప్పు కుడుతుంటే అత్తగారు పక్కన నిలబడి దారం అందించింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ఇప్పుడు కొట్లో రెండో మిషను అత్తగారిది. బుజ్జి బడికెళ్ళిన వేళల్లో పొద్దున్నంతా అక్కడే.

అందరికీ పేర్లు పెట్టడం అత్తగారికి సరదా. కొట్టావిడ గుండీలావిడ అయింది. కోడలితో చదివే పొడుగాటి పిల్ల నిచ్చెన అయింది. చదువు చెప్పే మాస్టారు ఎప్పుడూ పిండిలో పొర్లినట్టు ఉంటాడని సున్నం మాస్టారు అయ్యాడు. "మా కోడలు" అని అందరికీ పరిచయం చేసి చేసి, చివరికి ఈ ఊళ్ళో కోడలి పేరే కోడలు అయిపోయింది. నిచ్చెన అయితే అది అసలు పేరే అనుకుని, మొదటి పరీక్షల దాకా హాజరు పట్టీలో ఆ పేరే వెతికేదట.

*

కోడలి కాలేజీ వర్క్‌షాపులో ఆ పూట మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. గోడ వెంట అరల్లో కొలతల కోసం సున్నంతో పోసిన అచ్చుకాళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి, ఎవరో లోపలికి రాగానే లేచి నిలబడ్డట్టు. మొదట్లో కోడలు వాటికి వీపు తిప్పి కూర్చునేది. ఇప్పుడు ఏ కాలు ఎవరిదో చెప్పగలదు.

సున్నం మాస్టారు ఆమె బల్ల దగ్గరకొచ్చి, చివరిసారి చేసిన కాలిని చేత్తో నిమిరి చూశాడు. మోకాలి కింద తొడుగు అంచుని వేలితో తడిమాడు.

"గుచ్చుకోదు," అన్నాడు.

ఆయన నోటి నుంచి అంతకు మించిన మెచ్చుకోలు ఎవరూ విని ఉండరు. కోడలు తల వంచింది. ఆయన దగ్గి, కళ్ళజోడు తీసి, సున్నం అంటిన కోటుకే తుడుచుకుని దాన్ని మరింత మసక చేసుకుని వెళ్ళిపోయాడు.

తన ఏప్రాను కోడలు కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చేసింది. అంచులు నునుపు చేసే చిన్న ఆకురాయిని నిచ్చెన జేబులో వేసింది. ఎందుకంటే దాన్ని రోజూ అడక్కుండా తీసుకునేది నిచ్చెనే.

ఇద్దరూ బయటికొచ్చి నది పక్క బాట పట్టారు. రోజూ నడిచే దారే. వంతెన మీద గాలికి నిచ్చెన మెడగుడ్డ ఎగిరి కోడలి మొహాన కొట్టింది. రోజూ కొట్టేదే.

"నువ్వు వెళ్తున్నందుకు నాకంత బాధ లేదు," అంది నిచ్చెన. "మీ అత్తగారు వెళ్తున్నందుకే బాధ. నాకు స్వెట్టర్ చేతులు పొడిగించి ఇచ్చింది ఈ ఊరు మొత్తం మీద ఆవిడొక్కతే."

"ఆవిడ రానంటోంది."

నిచ్చెన ఆగిపోయింది. కోడలు జరిగిందంతా చెప్పింది. పొద్దున తన నోటి నుంచి జారిన మాటతో సహా.

"ఆవిడ మీ అమ్మ కాదు కదా?" అంది నిచ్చెన.

"మా ఆయన అమ్మ."

"మరి నీతో ఎందుకు వచ్చింది?"

"నేను చదువుకోవాలని."

"నీ చదువు అయిపోయింది కదా?"

"అయిపోయింది."

"అయితే ఆవిడ పని కూడా అయిపోయినట్టే కదా? ఇక ఆవిడ ఇష్టం."

లెక్క ఇంత తేలికా అని ఒళ్ళు మండింది కోడలికి. "మా ఇళ్ళల్లో అలా ఉండదు. మనిషి అంటే ఒక్క మనిషి కాదు. కొడుకు, మనవరాలు, ఇల్లు, వాకిలి, అన్నీ ఉంటాయి వెనకాల."

"సరే," అంది నిచ్చెన. "నాకు తెలీదు. తెలీక అడిగాను."

పోట్లాడుకోవడం కంటే ఆ 'సరే' బరువుగా ఉంది. ఇద్దరూ నది మెట్ల మీద కూర్చున్నారు. నీళ్ళ అంచున బాతులు ఎప్పట్లాగే వీళ్ళ చేతుల వంక చూస్తున్నాయి. ఈ పూట రొట్టె తేలేదు. ఆ సంగతి బాతులకి చెప్పేదెలా?

వచ్చిన కొత్తల్లో ఈ నది అవతలి ఒడ్డు కూడా కోడలికి భయంగానే ఉండేది. దారి తప్పితే అడగడానికి మాట రాదు. అడిగితే జవాబు అర్థం కాదు. ఇప్పుడు వాన వెలిసిన పూట ఏ రాయి మీద కాలు పెడితే నీళ్ళు చిమ్ముతాయో తెలుసు. మందుల షాపు ముసలాయనకి ఏ చెవి వినపడదో తెలుసు. ఇవన్నీ తెలుసుకోవడానికి రెండేళ్ళు పట్టింది. తెలిసినవి ఇక ఎందుకూ పనికిరావు.

లేచి వంతెన దగ్గరికొచ్చేసరికి ట్రామ్ వచ్చింది. నిచ్చెన ఎక్కి, తలుపు దగ్గర వంగి నిలబడి, రోజూ అనే మాటే అంది.

"రేపు కలుద్దాం."

అన్నాక ఇద్దరికీ తెలిసింది. రేపు నిచ్చెన వాళ్ళ ఊరు వెళ్ళిపోతోంది. తలుపు మూసుకుంది. అద్దం వెనక నిచ్చెన నవ్వబోయి, నుదురు అద్దానికి ఆనించింది. ట్రామ్ మలుపు తిరిగేదాకా కోడలు అక్కడే నిలబడింది. తిరిగాక కూడా కాసేపు నిలబడింది. రాబోయే ట్రామ్ కోసమేనేమో అని ఎవరో పక్కకి జరిగి చోటిచ్చారు.

*

కొట్టు తలుపు తోయగానే ఆవిరి ఇస్త్రీ వాసన వేడిగా మొహానికి తగిలింది. ఎండ వాలుగా పడి, దండేనికి వేలాడే కోట్ల భుజాలు మెరుస్తున్నాయి. బుజ్జి బల్ల కింద కూర్చుని గుండీలు రంగుల వారీగా కుప్పలు పోస్తోంది. అత్తగారు మిషను మీద పొడుగాటి కర్టెను అంచు కుడుతోంది. గుండీలావిడ ఆ కర్టెను రెండో కొస పట్టుకుని నిలబడి ఏదో చెబుతోంది, తన భాషలో. అత్తగారు జవాబు చెబుతోంది, తన భాషలో. ఇద్దరూ విరగబడి నవ్వుతున్నారు.

అత్తగారు అలా నవ్వడం కోడలు ఇంట్లో ఎప్పుడు చూసింది? గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు.

ఆమెని చూడగానే నవ్వు ఆగింది. గుండీలావిడ ఇద్దరి మొహాలూ చూసి, సంగతి గ్రహించి, బుజ్జిని చంకనెత్తుకుని "రొట్టె కొనుక్కొస్తాం" అని వీధిలోకి వెళ్ళింది.

కోడలు కర్టెను రెండో కొస పట్టుకుంది. మిషను కాసేపు నడిచింది.

"పొద్దున అన్న మాట తప్పే అత్తయ్యా."

"తప్పేముంది? ఉన్న మాటే అన్నావు."

"మిమ్మల్ని ఆయాలా చూశానని కాదు..."

"నాకు తెలుసమ్మాయ్." అత్తగారు దారం పంటితో తెంపింది. "బుజ్జిని వదిలి ఉండడం నాకు సులువనుకున్నావా? నిన్న రాత్రంతా దాని కాలు నా పొట్ట మీదే ఉంది. తీసి పక్కన పెట్టబుద్ధి కాలేదు."

"మరెందుకు అత్తయ్యా? అక్కడ మీకేం తక్కువ?"

అత్తగారు కర్టెను మడత సరిచేస్తూ ఆలోచించింది. మాటలు దొరకడానికి కాకుండా, దొరికినవి బయటికి అనడానికి ఆలోచిస్తున్నట్టుంది.

"తక్కువేమీ లేదు. కొడుకు బంగారం. నువ్వూ మంచిదానివే, నోరు కొంచెం తొందరగానీ. కానీ చూడూ, అక్కడ నన్నెవరూ 'రేపు వస్తావా?' అని అడగరు. ఎందుకడుగుతారు? ఎక్కడికి పోతాను, ఉంటానని తెలుసు. ఈవిడ రోజూ నేను ఇంటికి బయల్దేరేటప్పుడు అడుగుతుంది, రేపు వస్తావా అని. నేను వస్తానని చెప్పాలి. చెప్తేనే ఆవిడకి తెలిసేది." కాస్త సిగ్గుపడింది. "ఈ వయసులో అదో పిచ్చి అనుకో."

కోడలు ఏమీ అనుకోలేదు. ట్రామ్ తలుపు దగ్గర వంగి నిలబడ్డ నిచ్చెన కళ్ళ ముందు కదిలింది.

"ఇక్కడ ఉండనిస్తారా మిమ్మల్ని? నా చదువు అయిపోతే మీ అనుమతీ అయిపోతుంది కదా?"

"ఈవిడ అన్నకొడుకు లాయరు. పని చూపిస్తే ఏడాది పొడిగిస్తారన్నాడు. ఉండడానికి కొట్టు వెనక గది ఉంది. కిటికీ కూడా ఉంది."

"అన్నీ కనుక్కునే చెప్పారన్నమాట."

"కనుక్కోకుండా అంటే 'ముసలావిడ ఏదో అంటోందిలే' అంటారుగా."

"ఏడాది తర్వాత?"

"ఏడాది తర్వాత సంగతి నాకేం తెలుసమ్మాయ్? వచ్చేటప్పుడు నీకు తెలుసా?"

వచ్చేటప్పుడు కోడలికి ఏమీ తెలీదు. భయపడుతూ వచ్చింది. ఆ భయంలో పక్కన కూర్చుని, విమానం లేస్తుంటే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నది ఈవిడే. ఈవిడకి అంతకంటే ఎక్కువ భయం వేసిందని కోడలికి తర్వాతెప్పుడో తెలిసింది.

ఏడేళ్ళ కాపురంలో అత్తగారు ఏనాడూ 'నాకిది కావాలి' అని నోరు తెరిచి అడగలేదు. పండు కోస్తే చివరి ముక్క ఆవిడది. అందరూ పడుకున్నాక మిగిలిన చోటు ఆవిడది. అలా ఉండడం ఆవిడ స్వభావమనుకున్నారు ఇంట్లో. అదే అందరికీ అనువుగా ఉండింది.

కోడలు కర్టెను కొస వదలకుండానే అంది.

"ఉండండి అత్తయ్యా."

అత్తగారు తలెత్తింది. వాదించడానికి సిద్ధంగా ఉన్న మనిషి, అవతల వాదం లేకపోయేసరికి తడబడినట్టయింది.

"కోపంతో అంటున్నావా?"

"లేదు."

"బుజ్జి?"

"బడి ఉంది. పక్కింటి పిన్నిగారున్నారు. వాళ్ళ నాన్న లేరూ? నేర్చుకుంటారు. మీరు నేర్చుకోలేదూ?"

అత్తగారి కళ్ళు నిండాయి. కొంగుతో ఒత్తుకోబోయి, చేతిలో కర్టెను ఉందని చూసుకుని మానేసింది. "ఎవరిదో ఏమో, తడిచేస్తే బాగుండదు," అంది. ఆ మాటతో ఇద్దరికీ నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి కాసేపు ఏది ఏదో తెలియలేదు.

"మరి వాడితో ఎవరు చెప్తారు?" అంది అత్తగారు తేరుకుని.

"మీ కొడుకు. మీరే చెప్పండి."

"నా కొడుకు కాబట్టే చెప్పలేను. వాడు 'అమ్మా' అంటాడు. ఆ ఒక్క మాటకి కరిగిపోయి వచ్చేస్తాను. నీ మొగుడు కదా, నువ్వే చెప్పు."

*

కోడలు ఫోను తీసుకుని కొట్టు వెనక గదిలోకి వెళ్ళింది. అత్తగారు చెప్పిన గది ఇదే కాబోలు. కిటికీ నిజంగానే ఉంది. కిటికీ లోంచి వీధి, వీధి చివర వంతెన, వంతెన మీద ఇళ్ళకు వెళ్ళే జనం.

భర్త మొదటి రింగుకే ఎత్తాడు. అతని గొంతులో హుషారు.

"నేనే చేద్దామనుకుంటున్నా. అమ్మ గదికి రంగు వేయించాను. కొత్త ఫాను కూడా పెట్టించాను. అమ్మతో చెప్పకు, వచ్చి చూస్తుంది."

కోడలు కళ్ళు మూసుకుంది. "ఏమండీ, అత్తయ్య రావడం లేదు."

"అలక తీరలేదా ఇంకా? ఫోనివ్వు, నేను మాట్లాడతా."

"అలక కాదు. ఇక్కడే ఒక ఏడాది ఉంటారట. పని ఉంది, గది ఉంది, తోడుంది. నేను సరేనన్నాను."

అవతల ఫాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది, కొత్తదే కాబోలు.

"నువ్వు సరేనన్నావా?"

"అన్నాను."

"నన్ను అడగకుండా?"

"ఆవిడ నాతో చెప్పింది. మీతో చెప్పడానికి ఆవిడకి ధైర్యం చాల్లేదు. అది నా తప్పో, మీ తప్పో, ఆవిడ తప్పో నాకు తెలీదు."

అరుస్తాడనుకుంది. అరవలేదు. అతను అరిచే మనిషి కాదు. రెండేళ్ళు ఒంటరిగా వండుకుని తిని, ప్రతి ఆదివారం ఫోన్లో బుజ్జికి కథ చెప్పి, ఒక్కసారి కూడా ఎప్పుడొస్తావని విసుక్కోని మనిషి. అందుకే ఆ ఫాను చప్పుడు వినడం ఆమెకు అంత కష్టంగా ఉంది.

"అమ్మ బాగుందా అక్కడ?" అన్నాడు చివరికి. గొంతు చాలా చిన్నగా ఉంది.

"బాగుంది. నవ్వుతోంది."

"నవ్వుతోందా!" అన్నాడు. ఆ మాటని తనలో తాను మళ్ళీ అనుకున్నట్టున్నాడు. తర్వాత ఊపిరి పీల్చుకున్నాడు.

"సరే. అమ్మ సంగతి అలా ఉంచు. నువ్వు చెప్పు. నువ్వు వస్తున్నావా?"

అదేం ప్రశ్న అనబోయింది. పెట్టెలన్నీ సర్దేశాను కదా అనబోయింది. రెండేళ్ళుగా ఎప్పుడొస్తావని ఎవరు అడిగినా, ఆలోచించకుండా నోటికొచ్చే మాట అది. వస్తున్నాను. అంతే కదా, ఒక్క మాట. కానీ గుండీలావిడ అత్తగారిని అడిగినట్టు, వస్తావా అని తనని ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి.

కిటికీలోంచి చూస్తే వంతెన మీద దీపాలు వెలుగుతున్నాయి, ఒకదాని వెంట ఒకటి. ట్రామ్ గంట వినిపించింది. ఆ గంట ఫోన్లో అతనికీ వినిపించి ఉంటుంది.

"ఏమోయ్?" అన్నాడతను మెల్లగా. "ఉన్నావా?"

కోడలు నోరు తెరిచింది. ఆ ఒక్క మాట పెదాల దాకా వచ్చి, అక్కడే ఆగింది.